డిస్క్ బాగు చేయండి, దాని లెక్కలు మాత్రం చెరపకండి

సంపాదకులకు నమస్కారం.

మీ సాంకేతిక పేజీలో పాత హార్డ్ డిస్కుల గురించి వచ్చిన వ్యాసం, దానికి జవాబుగా మీరు వేసిన ఒక పాఠకుడి ఉత్తరం రెండూ చదివాను. ఒక్క బ్యాడ్ సెక్టార్ (డిస్క్ మీద సమాచారం రాసే చిన్న గడుల్లో చెడిపోయినది) కనబడినా సరే డిస్క్ తీసి పారేయమని వ్యాసకర్త రాశారు. ఒక సాఫ్ట్‌వేర్ నడిపిస్తే బ్యాడ్ సెక్టార్లన్నీ పోతాయని, లెక్క సున్నాకి వస్తుందని, ఇక అది కొత్త డిస్క్ కిందే లెక్కని పాఠకుడు రాశారు. వాడేసిన డిస్కులను పరీక్షించి, పనికొచ్చేవాటిని మళ్ళీ వాడకంలోకి పంపడం నా వృత్తి. ఈ రెండు మాటలూ నాకు రోజూ వినబడేవే. మొదటిది నమ్మితే బాగా పనిచేసే డిస్కులు చెత్తలోకి వెళ్తాయి. రెండోది నమ్మితే ఎవరివో పదేళ్ళ ఫొటోలు పోతాయి. రెండో దాని మీదే నాకు కోపం ఎక్కువ. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగు.

లోపమే లేని హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీ నుంచి రావడం దాదాపు అసాధ్యం. పళ్ళెం మీద అయస్కాంతపు పూత ఎంత నున్నగా ఉన్నా, కోట్ల కొద్దీ సెక్టార్లలో కొన్ని మొదటి రోజు నుంచే బలహీనంగా ఉంటాయి. అమ్మకానికి పంపే ముందు డిస్క్ తన ఫర్మ్‌వేర్‌తో, అంటే లోపలే ఉండే సాఫ్ట్‌వేర్‌తో, తనను తాను గంటల తరబడి పరీక్షించుకుంటుంది. దొరికిన లోపాలను పి-లిస్ట్ అనే పట్టికలో రాసుకుని, ఆ చోట్లను దాటేసి మిగతా సెక్టార్లకు వరసగా నంబర్లు వేసుకుంటుంది. అందుకే కొన్న రోజున మనకు అంతా శుభ్రంగా కనబడుతుంది. వాడకంలో పుట్టే లోపాలకు జి-లిస్ట్ అని ఇంకో పట్టిక ఉంది. చెడిన సెక్టార్ నంబరును, ముందే పక్కన పెట్టుకున్న స్పేర్ సెక్టార్‌కి మళ్ళించి ఆ సంగతి అందులో రాసుకుంటుంది. ఈ మార్పిడి కంప్యూటర్‌కి తెలియదు.

ఒకప్పుడు మనుషులకు తెలిసేది. 1980లో ఎస్‌టీ-506 అనే 5 మెగాబైట్ల డిస్క్ వచ్చింది. ఆ తరహా డిస్కుల మీద లోపాల జాబితా కాగితంగా అంటించి వచ్చేది. ఏ సిలిండర్‌లో (ట్రాకుల వరసలో), ఏ హెడ్ (చదివి రాసే భాగం) కింద లోపం ఉందో ఫ్యాక్టరీ వాళ్ళే అంకెలు వేసి ఇచ్చేవారు. లో-లెవెల్ ఫార్మాట్ (డిస్క్ మీద ట్రాకులు గీసే పని) చేసేవాళ్ళు ఆ కాగితం చూసి అంకెలు కీబోర్డు మీద కొట్టుకునేవారు. ఎవరూ దాన్ని అవమానంగా అనుకోలేదు. తర్వాత కంట్రోలర్ డిస్క్ మీదికే వచ్చేసింది, జాబితా ఫర్మ్‌వేర్ లోపలికి వెళ్ళిపోయింది. మనకు పని తగ్గింది, సంతోషమే. కానీ కనబడకపోవడం అలవాటై, ఇప్పుడు కనబడకుండా చేయడమే బాగుచేయడం అనుకునే దాకా వచ్చాం.

అసలు బాగుచేయడం అంటే ఏమిటో చెప్తాను. డిస్క్ ఒక సెక్టార్‌ను చదవబోయి, దిద్దుబాటు కోడ్ సాయంతో ఎన్నిసార్లు ప్రయత్నించినా చదవలేకపోయిందనుకోండి. వెంటనే దాన్ని స్పేర్‌కి మార్చేయదు. మార్చకూడదు కూడా. అందులోని సమాచారం ఇంకా బయటికి రాలేదు, కాసేపు చల్లబడ్డాక రావచ్చు. అందుకని ఆ సెక్టార్‌ను పెండింగ్ అని గుర్తు పెట్టుకుంటుంది. డిస్క్ తన ఆరోగ్యం గురించి నంబర్ల వారీగా రాసుకునే స్మార్ట్ పట్టికలో 197వ లెక్క ఇదే. ఆ సెక్టార్ మీద మళ్ళీ ఏదైనా రాసినప్పుడే సంగతి తేలుతుంది. రాసింది సరిగ్గా నిలిస్తే పెండింగ్ నుంచి తీసేస్తుంది, కథ అక్కడితో సరి. నిలవకపోతే స్పేర్‌కి మళ్ళిస్తుంది, 5వ లెక్క, అంటే రీ-అలకేటెడ్ సెక్టార్ల లెక్క పెరుగుతుంది. ఈ తేడా తెలియకుండా 'బ్యాడ్ సెక్టార్లు ఉన్నాయి' అన్న ఒక్క మాటతో డిస్క్ బతుకు తేల్చేయడం నాకు అన్యాయంగా కనబడుతుంది.

ఈ మధ్య సీసీ కెమెరా రికార్డర్ నుంచి తీసిన డిస్క్ ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. 197లో 48, 5లో సున్నా. 48 అనగానే ఇచ్చినతను ఆశ వదిలేసుకున్నాడు. 2011 ప్రాంతం నుంచి వస్తున్న డిస్కుల్లో చాలావాటికి లోపలి సెక్టార్ 4,096 బైట్లది, బయటికి మాత్రం పాత పద్ధతిలో 512 బైట్ల ముక్కలుగా కనబడుతుంది. లోపల ఒక్కటి చదవలేకపోతే చాలా డిస్కుల్లో లెక్క ఎనిమిది పెరుగుతుంది. అంటే 48 నిజానికి ఆరే చోట్లు, అవి కూడా పక్కపక్కనే ఉన్నాయి. ఆ రికార్డర్‌కి కరెంటు ఎప్పుడు పడితే అప్పుడు పోయేదట. రాస్తున్న క్షణంలో కరెంటు పోతే సెక్టార్ సగం కొత్త సమాచారంతో, సగం పాత సమాచారంతో మిగిలిపోతుంది. వెనక ఉన్న దిద్దుబాటు కోడ్ ఆ రెంటికీ పొసగదు, చదవబోతే ఎర్రర్ వస్తుంది. పళ్ళేనికి చిన్న గీత కూడా పడలేదు. ఆ రికార్డింగులు అక్కర్లేదని అతనితో అనిపించుకుని డిస్క్ మొత్తం సున్నాలు రాశాను. 197 సున్నాకి దిగింది, 5 కదల్లేదు. ఎక్స్‌టెండెడ్ టెస్ట్ (డిస్క్ తనంతట తాను మొత్తం చదివి చూసుకునే పరీక్ష) చివరి దాకా శుభ్రంగా నడిచింది. మీ వ్యాసకర్త చెప్పినట్టు చేసి ఉంటే అది సుత్తి దెబ్బ తినేది.

అదే రోజుల్లో కింద పడిన ల్యాప్‌టాప్ డిస్క్ ఒకటి వచ్చింది. 197లో అంకె దాని కంటే చిన్నదే. కానీ లోపాలు ఒకచోట లేవు. సున్నాలు రాస్తే 5 పెరిగింది. మళ్ళీ పరీక్ష పెడితే ఇంకోచోట కొత్త పెండింగులు. వాటి మీద రాస్తే 5 ఇంకా పెరిగింది. లోపల పూత ఎక్కడో లేచింది, ఆ పొడి హెడ్ కింద పడి ఇంకొన్నిచోట్ల గీస్తోంది. హెడ్ పళ్ళేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే తేలుతుంది కాబట్టి, మన కంటికి ఆనని నలుసు కూడా దానికి పెద్ద అడ్డమే. ఇలాంటి డిస్క్‌కి ఏ సాఫ్ట్‌వేరూ మందు కాదు. ఎక్కువసేపు తిప్పే కొద్దీ నాశనం పెరుగుతుంది. దాన్ని విప్పి తుక్కులోకి పంపాను. ఇంకో రకం కూడా ఉంది. లోపాల నంబర్లు వరసగా రాసి చూస్తే ఒక మేర బాగుండి, ఒక మేర పాడై, మళ్ళీ బాగుండి, పట్టీలు పట్టీలుగా కనబడతాయి. అది పళ్ళెం జబ్బు కాదు, ఒక హెడ్ నీరసించింది. సెక్టార్ల నంబర్లు ఒక హెడ్ తర్వాత ఇంకో హెడ్ కిందికి వంతుల వారీగా నడుస్తాయి కాబట్టి లోపాలూ అలాగే వస్తాయి.

కాబట్టి నేను చూసేది అంకె ఎంత అని కాదు, పెరుగుతోందా ఆగిందా అని. 5లో 16 ఉండి, డిస్క్ మొత్తం రాసి చదివి, ఎక్స్‌టెండెడ్ టెస్ట్ రెండుసార్లు దాటినా ఆ 16 అలాగే ఉంటే దాన్ని రెండో కాపీ దాచుకోవడానికి ఇస్తాను. రెండే ఉన్నా పరీక్షకీ పరీక్షకీ మధ్య మూడైతే ఇవ్వను.

ఎక్స్‌టెండెడ్ టెస్ట్ అంటున్నాను కాబట్టి దాని గురించి కొంచెం. స్మార్ట్ ఉన్న దాదాపు ప్రతి డిస్క్ తనను తాను పరీక్షించుకోగలదు. షార్ట్ టెస్ట్ రెండు నిమిషాల పని. మోటారు, హెడ్లు, సర్క్యూట్ చూసుకుని పళ్ళెంలో కొద్ది భాగం చదివి ఊరుకుంటుంది. ఎక్స్‌టెండెడ్ టెస్ట్ మొత్తం పళ్ళెం చదువుతుంది. 4 టెరాబైట్ల డిస్క్ సగటున సెకనుకు 150 మెగాబైట్లు చదివితే ఏడున్నర గంటలు పడుతుంది. ఈ పరీక్ష నడిపేది కంప్యూటర్ కాదు, డిస్క్ లోపలి ఫర్మ్‌వేర్. సమాచారం కేబుల్ దాటి బయటికి రాదు. అందువల్ల ఒక లాభం ఉంది. టెస్ట్ శుభ్రంగా దాటి, అయినా కంప్యూటర్‌లో ఎర్రర్లు వస్తూ, 199వ లెక్క (కేబుల్ దారిలో చెడిన సమాచారం లెక్క) పెరుగుతుంటే తప్పు డిస్క్‌ది కాదు, కేబుల్‌ది లేదా కనెక్టర్‌ది. పాడైందని నాకు వచ్చిన డిస్కుల్లో కేబుల్ మార్చగానే లేచి కూర్చున్నవి ఉన్నాయి. అన్నట్టు, 199 పెరగడమే తప్ప తగ్గదు. కేబుల్ మార్చాక ఆగిందా లేదా అన్నదే చూడాలి.

చాలా డిస్కుల్లో ఈ టెస్ట్ మొదటి లోపం దగ్గరే ఆగిపోతుంది, ఆ సెక్టార్ నంబర్ లాగ్‌లో రాస్తుంది. తర్వాత ఏముందో చెప్పదు. అక్కడ రాసి, సెలెక్టివ్ టెస్ట్‌తో అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. యూఎస్‌బీ డబ్బాలో పెట్టి చేస్తే ఇంకో తలనొప్పి. మధ్యలో డబ్బా డిస్క్‌ను నిద్రపుచ్చుతుంది, టెస్ట్ సగంలో రద్దవుతుంది, మనం మాత్రం పొద్దున లేచి అయిపోయిందనుకుంటాం. వీలైతే సాటా కేబుల్‌తో నేరుగా పెట్టండి. ఫ్యాన్ గాలి తగలనివ్వండి.

చదవడం ఒక్కటే చాలదు, రాసి కూడా చూడాలి. నేను వాడేది బ్యాడ్‌బ్లాక్స్ అనే సాఫ్ట్‌వేర్. అది నాలుగు రకాల నమూనాలు డిస్క్ మొత్తం రాసి, ప్రతిసారీ తిరిగి చదివి సరిచూస్తుంది. అంటే ఎనిమిది సార్లు మొదటి నుంచి చివరి దాకా. అదే 4 టెరాబైట్ల డిస్క్‌కి రెండున్నర రోజులు. ఓపిక లేనివాళ్ళు ఒక్కసారి సున్నాలు రాసి, ఒక్కసారి ఎక్స్‌టెండెడ్ టెస్ట్ పెట్టినా చాలావరకు బయటపడుతుంది. ట్రాకులు ఒకదాని మీద ఒకటి కప్పినట్టు రాసే ఎస్‌ఎంఆర్ డిస్కులు రాతలో మధ్యమధ్య బాగా నెమ్మదిస్తాయి, అది జబ్బు అనుకోకండి.

విండోస్‌లో చెక్‌డిస్క్ నడిపితే చాలదా అని అడుగుతారు. అది చేసేది వేరే పని. చదవలేని చోటును ఫైల్ సిస్టమ్ తన సొంత పుస్తకంలో 'ఇది వాడొద్దు' అని రాసుకుంటుంది. డిస్క్‌కి ఆ సంగతి పట్టదు. మళ్ళీ ఫార్మాట్ చేస్తే ఆ పుస్తకం పోతుంది. క్విక్ ఫార్మాట్ సెక్టార్ల జోలికి పోనే పోదు. విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ సున్నాలు రాస్తోంది కాబట్టి అది కొంత నయం. ఇక లో-లెవెల్ ఫార్మాట్ అని పేరు పెట్టుకున్న ఇప్పటి సాఫ్ట్‌వేర్లు చేసేది కూడా సున్నాలు రాయడమే. ట్రాకులు గీసే పని ఫ్యాక్టరీలో అయిపోయింది, ఇంట్లో ఎవరూ చేయలేరు. అయస్కాంతాన్ని మళ్ళీ పుట్టిస్తామని చెప్పే వాటి గురించి మాట్లాడటానికి నాకు ఓపిక లేదు.

మీ పాఠకుడి సలహాలో అసలు ప్రమాదం ఇక్కడుంది. ఇంతసేపూ 'రాయాలి, రాయాలి' అన్నాను. రాస్తే అందులో ఉన్నది పోతుంది. ఫొటోలున్న డిస్క్‌లో పెండింగ్ సెక్టార్లు కనబడగానే రిపేర్ బటన్ నొక్కమనడం ఎంత దారుణమో ఆయన ఆలోచించినట్టు లేదు. ముందు సమాచారం బయటికి తీయాలి. డీడీరెస్క్యూ లాంటి కాపీ సాఫ్ట్‌వేర్ పెడితే సులువుగా చదవగలిగినదంతా మొదట తీసుకుని, మొండికేసిన చోట్లను చివరికి వాయిదా వేస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మామూలు కాపీ అలా కాదు. ఇంటి కంప్యూటర్ల డిస్కులు ఒక్కో చెడ్డ సెక్టార్ దగ్గర చాలాసేపు గింజుకుంటాయి. సర్వర్లలో, నాస్ పెట్టెల్లో (నెట్‌వర్క్ మీద నిల్వకు పెట్టుకునేవి) వాడే డిస్కులను ఏడు సెకన్లలో వదిలేసేలా అమరుస్తారు, ఎందుకంటే అక్కడ ఇంకో కాపీ ఉంటుంది. ఇంటి డిస్క్‌కి ఇంకో కాపీ ఉందో లేదో తెలియదు, అది చేతనైనంత పెనుగులాడుతుంది. ఆ పెనుగులాటలో హెడ్ చచ్చిపోయిందంటే ఇక ప్రయోగశాలే గతి. టకటకమని శబ్దం వస్తుంటే ఇవేవీ చేయకండి, కరెంటు తీసేయండి.

'పాస్డ్' అని వచ్చింది కదండీ అని కొందరు స్క్రీన్ చూపిస్తారు. స్మార్ట్‌లో ఆ ఒక్క ముక్క తీర్పుకు నేను విలువ ఇవ్వను. తయారీదారు పెట్టిన గీత దాటితే తప్ప అది 'ఫెయిల్డ్' అనదు, ఆ గీత చాలా కింద ఉంటుంది. వందల సెక్టార్లు మార్చుకున్న డిస్క్ కూడా 'పాస్డ్' అనే అంటుంది. అలాగని ప్రతి పెద్ద అంకె చూసీ టెన్షన్ పడనక్కర్లేదు. కొన్ని సీగేట్ డిస్కుల్లో 1, 7 లెక్కలు (చదవడంలో, హెడ్ జరపడంలో ఎర్రర్లవి) కోట్లలో కనబడతాయి. అందులో చేసిన పనుల లెక్క కూడా కలిసి ఉంటుంది, అన్నీ ఎర్రర్లు కావు.

నా మాట మీద నమ్మకం లేకపోతే పెద్దవాళ్ళ లెక్కలు ఉన్నాయి. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల మీద చేసిన పరిశీలన ప్రచురించారు. ఉపరితలం పరీక్షలో మొదటి ఎర్రర్ వచ్చిన డిస్క్, ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం అలాంటి ఎర్రర్ రాని డిస్క్ కంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. మొదటి రీ-అలకేషన్ తర్వాత అది 14 రెట్లు. వ్యాసకర్త ఇది చూసే భయపడ్డారేమో. కానీ అదే పరిశీలనలో, ఎర్రర్ వచ్చిన డిస్కుల్లో ఎక్కువ భాగం నెలల తరబడి నడుస్తూనే ఉన్నాయి. ఇంకో వైపు, చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి వాళ్ళు ముఖ్యమైనవిగా ఎంచిన నాలుగు లెక్కల్లో ఒక్కటీ కదల్లేదు. లెక్క సున్నా ఉన్నంత మాత్రాన భరోసా లేదన్నమాట. బ్యాక్‌బ్లేజ్ అనే నిల్వ సంస్థ 5, 187, 188, 197, 198 అనే ఐదు లెక్కలను గమనిస్తుంది (187 సరిదిద్దలేని ఎర్రర్లు, 188 సమయానికి పూర్తికాని కమాండ్లు, 198 డిస్క్ సొంత పరీక్షలో చదవలేని సెక్టార్లు). 2016లో వాళ్ళు చెప్పినదాని ప్రకారం చెడిపోయిన డిస్కుల్లో 76.7 శాతంలో వీటిలో కనీసం ఒకటి సున్నా దాటి ఉంది. పనిచేస్తున్న డిస్కుల్లో అలా ఉన్నవి 4.2 శాతమే.

ఆ ఐదు అంకెలూ నిజమైనవైతేనే ఇదంతా పనికొస్తుంది. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇది.

కొత్తదని చెప్పి అమ్మిన డిస్క్ ఒకటి కొనుక్కున్నావిడ పరీక్షించి పెట్టమని నాకు ఇచ్చింది. నడిచిన గంటలు 11. 5 సున్నా, 197 సున్నా. అంతా బాగుంది. అలవాటు కొద్దీ సెల్ఫ్ టెస్ట్ లాగ్ తెరిచాను. డిస్క్ చివరి 21 పరీక్షల వివరాలు దానిలో దాచుకుంటుంది, ఒక్కో దాని పక్కన ఆ పరీక్ష ఎన్నో గంట దగ్గర జరిగిందో ఉంటుంది. అందులో 31 వేల గంటల దగ్గర పెట్టిన షార్ట్ టెస్ట్ ఉంది. పదకొండు గంటల డిస్క్‌కి 31 వేల గంటల జ్ఞాపకం ఎలా వచ్చింది? గంటలు చెరిపినవాడు లాగ్ చెరపడం మర్చిపోయాడు. సాటా కనెక్టర్ మీద పాత గీతలు, స్క్రూ రంధ్రాల చుట్టూ అరుగుదల కూడా ఉన్నాయి. ఆవిడ దాన్ని తిరిగి పంపించింది. అమ్మినవాళ్ళు మారు మాట్లాడకుండా తీసుకున్నారంటేనే వాళ్ళకు తెలుసని నా అనుమానం. (ఆ లాగ్‌లో గంటల అంకె 65,535 దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఏడున్నరేళ్ళు ఆగకుండా నడిచిన డిస్క్‌లో చూసి వెంటనే ఎవరినీ దొంగ అనకండి.)

ఇది ఎలా చేస్తారో పాఠకులకు తెలియాలి. సర్క్యూట్ బోర్డు మీది చిన్న పిన్నులకు సీరియల్ వైరు పెట్టి, తయారీదారు తన పని కోసం పెట్టుకున్న కమాండ్లు ఇస్తే డిస్క్ లోపలి పట్టికలు చేతికి వస్తాయి. జి-లిస్ట్‌లో ఉన్నవన్నీ పి-లిస్ట్‌లో కలిపేసి, నంబర్లు కొత్తగా వేయించి, స్మార్ట్ లెక్కలు సున్నా చేయవచ్చు. మొదటి భాగంలో సాంకేతికంగా తప్పేమీ లేదని కూడా చెప్పాలి. స్పేర్‌కి మళ్ళించిన ప్రతి సెక్టార్ దగ్గరా హెడ్ ఎక్కడికో పరిగెత్తి తిరిగి రావాలి. పి-లిస్ట్‌లో కలిపితే ఆ పరుగు పోయి డిస్క్ సాఫీగా నడుస్తుంది. ఆ తర్వాత ఫ్యాక్టరీలో చేసినట్టు సెల్ఫ్ స్కాన్ మొత్తం చేయించితే అది నిజంగా మంచి పని. నాకు అభ్యంతరం రెండో భాగంతోనే. గంటలు, రీ-అలకేషన్ల లెక్క చెరపడం వల్ల డిస్క్ ఆరోగ్యం ఒక్క పిసరు కూడా పెరగదు. పాత కారు మీటర్ వెనక్కి తిప్పి అమ్మడానికీ దీనికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

2025 మొదట్లో ఇది ప్రపంచం అంతా చూసింది. అప్పటికే వేల గంటలు నడిచిన సీగేట్ ఎక్సోస్ డిస్కులు, గంటల లెక్క చెరిపేసి, కొత్తవిగా అమ్ముడయ్యాయని జర్మనీలో మొదట బయటపడింది. పట్టించింది ఫార్మ్ అనే ఇంకో లాగ్. సీగేట్ డిస్కులు స్మార్ట్‌కి వేరుగా దాచుకునే వివరాలు అందులో ఉంటాయి. స్మార్ట్ లెక్కలు చూపించే స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ 7.4 వెర్షన్ నుంచి దాన్ని చదవగలదు. స్మార్ట్‌లో గంటలు చిన్నగా, ఫార్మ్‌లో వేలల్లో ఉంటే సంగతి తెలిసిపోతుంది. అన్ని కంపెనీల డిస్కుల్లో ఇలాంటి రెండో లెక్క దొరకదు. అక్కడ కొనేవాడికి అమ్మేవాడి మాటే ఆధారం.

తయారీదారులే రీసర్టిఫైడ్ (తిరిగి తీసుకుని మళ్ళీ పరీక్షించినవి) అని అమ్మేవి కూడా లెక్కలు సున్నా చేసి వస్తుంటాయి కదా అని నా తోటివాళ్ళే వాదిస్తారు. నిజమే. వాళ్ళు కనీసం లేబుల్ మీద ఆ మాట వేస్తారు, వారంటీ ఇస్తారు, సెల్ఫ్ స్కాన్ చేయడానికి కావలసిన పరికరాలు వాళ్ళ దగ్గర ఉన్నాయి. అయినా పాత గంటలు చెప్పకపోవడానికి నాకు కారణం కనబడదు. లేబుల్ మీద ఇంకో గీత ముద్రించడానికి ఎంత చోటు కావాలి?

నేను అడిగేది పెద్ద సంస్కరణ ఏమీ కాదు. వాడిన డిస్క్ అమ్మే ప్రతివాళ్ళూ దానితో పాటు ఒక కాగితం ఇవ్వాలి. నడిచిన గంటలు, 5, 187, 197, 198, 199 లెక్కలు ఉపరితలం పరీక్షకు ముందు ఎంత, తర్వాత ఎంత, ఎక్స్‌టెండెడ్ టెస్ట్ ఏ గంట దగ్గర ముగిసింది, పాత సమాచారం ఎలా చెరిపారు, ఇంతే. అవన్నీ డిస్కే ఇస్తుంది, మనం ముద్రించడమే. కొనేవాళ్ళు డిస్క్ చేతికి రాగానే, ఏమీ ఎక్కించకముందే, సొంతంగా ఎక్స్‌టెండెడ్ టెస్ట్ పెట్టి ఆ కాగితంతో పోల్చుకోవాలి. తిరిగిచ్చే గడువు లోపల ఆ పని చేయకుండా తర్వాత నా దగ్గరికి వచ్చి బాధపడితే నేను చేయగలిగింది తక్కువ.

చెరపడం గురించి ఒక ముక్క. వ్యాసకర్త సుత్తి పట్టుకోమనడానికి సమాచారం ఎవరి చేతిలోనో పడుతుందన్న భయం కూడా ఒక కారణంగా రాశారు. మామూలు అవసరాలకు హార్డ్ డిస్క్ మొత్తం ఒక్కసారి తిరగరాస్తే చాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల నుంచి అర్థమవుతుంది. ఏడుసార్లు, ముప్పై అయిదు సార్లు అన్నవి పాత కాలపు మాటలు. ఒక చిక్కు మాత్రం ఉంది. స్పేర్‌కి మళ్ళించాక వదిలేసిన పాత సెక్టార్‌లో కొన్ని బైట్లు మిగిలి ఉండవచ్చు, మామూలు రాత దాన్ని తాకదు. డిస్క్ లోపలి ఎన్‌హాన్స్‌డ్ సెక్యూర్ ఎరేజ్ వాటిని కూడా తుడవాలని ప్రమాణంలో ఉంది కాబట్టి నేను అదే వాడతాను. రాయడానికే ఒప్పుకోని డిస్క్ అయితే సుత్తి సరైనదే, అక్కడ వ్యాసకర్తతో నాకు పేచీ లేదు. ఈ మాటలు తిరిగే పళ్ళేల డిస్కులకే. ఎస్‌ఎస్‌డీలకు ఇవి వర్తించవు, వాటి లోపలి వ్యవహారం పూర్తిగా వేరు.

'పదహారు సెక్టార్లు మార్చుకుంది అని కాగితం మీద రాసిస్తే ఎవడు కొంటాడు?' అని ఒక తోటి వ్యాపారి నన్ను అడిగాడు. కొంటున్నారు. సినిమాలు, పాత రికార్డింగులు, బ్యాకప్‌కి రెండో కాపీ, పోతే మళ్ళీ తెచ్చుకోగలిగినవి దాచుకునేవాళ్ళకు అది చాలు, ధర అందుకు తగ్గట్టే ఉంటుంది. అంకె చూసి వద్దనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు ఆ డిస్క్ నిజంగానే వద్దు. అది తెలియకుండా వాళ్ళ చేతిలో పెట్టడమే నా తోటివాడు వ్యాపారం అనుకుంటున్నాడు.

ఈసారి మీ పేజీలో పాత డిస్కుల మీద ఏదైనా వేసేటప్పుడు రిపేర్ సాఫ్ట్‌వేర్ పేరు వేయకపోయినా ఫర్వాలేదు. ఆ లెక్కలు, సెల్ఫ్ టెస్ట్ లాగ్ తెర మీద ఎక్కడ కనబడతాయో ఒక బొమ్మ వేసి చూపించండి. కావాలంటే బొమ్మలు నేను పంపిస్తాను.

ఇట్లు
పాత డిస్కుల పని చేసే ఒక పాఠకురాలు